వాంకాయో ఆదివారం సంత: యాపా అంటే మన కొసరే

ఊరి పేరు చెప్పగానే అమ్మ ఫోన్లో "వంకాయ ఊరేంటే?" అంది. వాంకాయో అమ్మా, పెరూలో కొండల మధ్య ఊరు అని చెప్తే, అయినా ఆవిడకి ఇప్పటికీ అది వంకాయ ఊరే. మనవాళ్ళు పెరూ అంటే కుస్కో, మాచూ పిచ్చూ చూసి వచ్చేస్తారు, మేమూ మూడేళ్ళ క్రితం అదే చేశాం. అప్పుడు కుస్కో సంతలో ఏది పట్టుకున్నా టూరిస్టుల కోసమే పెట్టినట్టు అనిపించి, ఆ ఊళ్ళ వాళ్ళు వాళ్ళ కోసం పెట్టుకునే సంత చూడాలని కోరిక ఉండిపోయింది. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాగా చేశారు, చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని, అందుకే ఏ దేశం వెళ్ళినా ముందు నా కాళ్ళు మార్కెట్ వైపే పోతాయి. ఈసారి జులైలో ఐదు రోజులు, మొత్తం వాంకాయో ఉన్న మంతారో లోయకే పెట్టుకున్నాం, నేను, మావారు.

ముందు వీసా సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కనీసం 6 నెలలు వ్యాలిడిటీ ఉన్న అమెరికా వీసా ఉంటే టూరిస్టుగా పెరూకి వేరే వీసా అక్కర్లేదు, మాకు అలాగే అయ్యింది, కానీ టికెట్ కొనే ముందు రూల్ ఒకసారి చూసుకోండి.

లిమా నుంచి వాంకాయో రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. వినడానికి హైదరాబాద్ నుంచి విజయవాడ అంత దూరమే, కానీ ఈ రోడ్డు సముద్ర మట్టం నుంచి బయల్దేరి తిక్లియో కనుమ దగ్గర 4,818 మీటర్లకి ఎక్కి మళ్ళీ 3,200 చిల్లరకి దిగుతుంది. బస్సువాళ్ళు 7 గంటలు అన్నారు, మాకు 10 పట్టింది. గంటన్నర లేటుగా బయల్దేరింది, ఆ ఎత్తులో హీటర్ వెయ్యలేదు, దుప్పటి ఇస్తామని టికెట్ మీద రాసి అడిగితే అయిపోయాయి అన్నారు, నా వెనక సీట్లో చిన్నపిల్లని వాళ్ళమ్మ తన స్వెటర్ విప్పి చుట్టింది. కంపెనీ పేరు రాయను గానీ, ఏ బస్సెక్కినా జాకెట్, శాలువా, నీళ్ళు చేతి బ్యాగులోనే పెట్టుకోండి, లగేజీలో వెయ్యకండి. పగటి బస్సే ఎక్కండి, ఎందుకంటే దారి చూడాలి. లోయ పక్కనే పట్టాలు పైకి పోతూ కనిపిస్తాయి, ఆ రైలు మార్గం వాంకాయోకి చేరింది 1908లో. గలేరా సొరంగం దగ్గర 4,781 మీటర్ల ఎత్తులో పోతుంది, టిబెట్ రైలు 2006లో వచ్చేదాకా ప్రపంచంలో ప్యాసింజర్ రైలు వెళ్ళే అన్నిటికన్నా ఎత్తైన మార్గం ఇదే. ఆ రైలు ఎక్కాలని ఎంత ఆశపడ్డామో, మేం వెళ్ళిన తేదీల్లో లేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బస్సు వద్దనుకుని హౌహా ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్లైట్‌లో వచ్చేశాం, మనిషికి 60 డాలర్ల దాకా అయ్యింది, గంట లోపే లిమా. వాంకాయో నుంచి హౌహాకి టాక్సీలో గంట. డబ్బులు చూసుకోనక్కర్లేదంటే వెళ్ళేది బస్సులో, వచ్చేది ఫ్లైట్‌లో పెట్టుకోండి, దారి చూసినట్టూ ఉంటుంది, ఒళ్ళూ నిలుస్తుంది.

ఎత్తు గురించి తేలిగ్గా తీసుకోవద్దు. మావారికి తిక్లియో దాటగానే తలనొప్పి మొదలై రాత్రంతా నిద్ర లేదు, నాకు రెండు మెట్లెక్కితే ఆయాసం. మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి, తక్కువ తినండి, బీపీ, గుండె ఇబ్బంది ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు డాక్టర్ని అడిగాకే రండి. హోటల్లో కోకా ఆకుల టీ ఇస్తారు, మూన్యా అని పుదీనా వాసన వచ్చే ఆకు టీ కూడా ఇస్తారు, రెండోది నాకు బాగా నచ్చింది. కోకా టీ అక్కడ తాగడం మామూలే, కానీ ఆ ప్యాకెట్లు బ్యాగులో వేసుకుని మేముండే అమెరికాకి మాత్రం రావద్దు, ఇక్కడ చట్టం ఒప్పుకోదు.

రెండు చోట్ల ఉన్నాం. మొదటిది కాయె రెయాల్ మీద ఒక పెద్ద హోటల్, రాత్రికి 180 సోల్స్ (అప్పుడు డాలర్‌కి మూడున్నర సోల్స్ పైన వచ్చేవి). ఆ వీధి పాత ఇంకా సామ్రాజ్యపు రాజమార్గం మీదే ఉంది, వినడానికి గొప్పగా ఉంటుంది గానీ తెల్లవార్లూ హారన్లు, పైగా వేడి నీళ్ళు పొద్దున ఏడు దాటితే గోరువెచ్చగా కూడా లేవు, రిసెప్షన్‌లో చెప్తే ఇప్పుడే ఇప్పుడే అని రెండు రోజులు గడిపేశారు. మూడో రోజు మెయిన్ ప్లాజాకి నాలుగు వీధులవతల ఒక కుటుంబం నడిపే చిన్న ఓస్తాల్‌కి (లాడ్జి లాంటిది) మారాం, 110 సోల్స్, టిఫిన్ కలిపి. గది చిన్నదే, కానీ మూడు ఉన్ని దుప్పట్లు, కాలే కాలే వేడి నీళ్ళు, ఇంటావిడ పొద్దున్నే గుడ్లు, రొట్టె, క్వినోవా జావ పెట్టేది. జులై రాత్రుల్లో చలి సున్నా దగ్గరకి పోతుంది, గదుల్లో హీటర్లు మామూలుగా ఉండవు, కాబట్టి బుక్ చేసే ముందు అడగాల్సింది వైఫై కాదు, దుప్పట్లు, వేడి నీళ్ళు.

ఇక సంత. ఆదివారం వాంకవెలికా అవెన్యూ పొడుగునా పెడతారు, ఎన్ని వీధులు నడిచినా అయిపోదు. టూరిస్టు సంత అనుకుని వెళ్తే నిరాశ పడతారు, ముందే చెప్తున్నా. చాలా భాగం బూట్లు, స్కూలు బ్యాగులు, ప్లాస్టిక్ బిందెలు, లోపలి బట్టలు, ఫోన్ కవర్లు, దుప్పట్లు, అంతా అక్కడివాళ్ళకి కావాల్సినవే. చేతిపని సామాన్లకి కొన్ని వీధులు విడిగా ఉంటాయి. నాకైతే మొత్తం నచ్చింది, మా ఊళ్ళ వైపు వారపు సంతలో నడిచినట్టే ఉంది, జనం తోపులాట, మధ్యలో మక్కెన గుగ్గిళ్ళమ్మే ఆవిడ కేక, టోపీ పెట్టుకుని నిండు పావడాలు కట్టిన పెద్దవాళ్ళు వీపున రంగుల గుడ్డలో మూట కట్టుకుని నడుస్తుంటారు, మూటలో ఒక్కోసారి పసిపిల్ల ఉంటుంది, ఒక్కోసారి బంగాళాదుంపలు.

ఆ సంతలో నేను నేర్చుకున్న మాటలు రెండు. ఒకటి కసేరా. కొనేవాళ్ళు అమ్మే ఆవిణ్ణి కసేరా అంటారు, ఆవిడ కూడా మనల్ని కసేరీతా అని పిలుస్తుంది, మన దగ్గర కూరగాయలామె మనల్ని అక్కా అంటే మనం ఆమెని అమ్మా అన్నట్టు, రోజూ కొనే చుట్టరికం అన్నమాట. రెండోది యాపా. క్వెచువా భాష మాట. కొన్న తర్వాత పైన ఇంకొంచెం వెయ్యమని అడగడం, అంటే అచ్చంగా మన కొసరు! ఓస్తాల్ ఇంటావిడ ముందు రోజు నేర్పింది, బేరం గట్టిగా ఆడకు, వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి యాపా అడుగు, ఇద్దరికీ బాగుంటుంది అని. నేను రెండు కిలోల దుంపలు కొని "యాపీతా, కసేరీతా" అనగానే ఆవిడ నవ్వేసి దోసెడు దుంపలు వేసింది, పక్క కొట్టు ఆవిణ్ణి పిలిచి నన్ను చూపించింది. కొత్తిమీర కొసరడంలో మా అమ్మని మించినవాళ్ళు లేరు, అక్కడే నిలబడి వీడియో కాల్ చేసి చూపించా.

దుంపల దగ్గరే గంట పైన గడిపా. బంగాళాదుంప పుట్టిందే ఈ కొండల్లో, పెరూలో మూడు వేలకి పైగా రకాలున్నాయి, ఊదా రంగువి, ఎర్రవి, కోస్తే లోపల చక్రాలు చక్రాలుగా ఉండేవి. నల్లగా గులకరాళ్ళలా ఉన్న గుట్ట చూసి ఏంటని అడిగితే చూన్యో అట, దుంపల్ని రాత్రి మంచుకి గడ్డకట్టనిచ్చి, పగలు ఎండకి కరగనిచ్చి, కాళ్ళతో తొక్కి నీరంతా తీసి ఎండబెడతారు, ఏళ్ళ తరబడి నిలవుంటాయి. మనం ఎండని నమ్ముకుని వడియాలు పెట్టినట్టు వీళ్ళు ఎండనీ మంచునీ రెండిట్నీ నమ్ముకున్నారు. ఇంక మిరపకాయలు, ఆహీ అమరియో అని నారింజ రంగులో వేలంత పొడుగు, మన గుంటూరు మిర్చికి దాయాది, పండు వాసన. మిరప జాతి మొదలైంది దక్షిణ అమెరికాలో, మన దగ్గరకి పోర్చుగీసువాళ్ళు తెచ్చింది 16వ శతాబ్దంలో, నాన్న జీవితమంతా బస్తాల మధ్య గడిపిన ఆ కాయ చుట్టాల ముందు నిలబడితే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఘాటు వల్ల కాదు.

డబ్బులు చిల్లరగా పెట్టుకోండి. కొట్ల మీద క్యూఆర్ కోడ్లు అతికించి ఉంటాయి, మన ఫోన్‌పే లాంటి యాప్, కానీ పెరూ అకౌంట్ లేకపోతే మనకి పనికిరాదు. వంద సోల్స్ నోటిస్తే చిల్లర కోసం ఆవిడ నాలుగు కొట్లు తిరగాల్సొస్తుంది, పొద్దున్నే సోల్ నాణేలు, పది సోల్స్ నోట్లు చేయించుకుని వెళ్ళండి. బ్యాగు ముందుకి వేసుకోండి, ఎక్కడైనా సంతలో చెప్పే జాగ్రత్తే.

మీకు సంత నచ్చితే దయచేసి అక్కడితో ఆగకండి, ఆ వస్తువులు చేసే ఊళ్ళకి వెళ్ళండి, అన్నీ పదిహేను ఇరవై కిలోమీటర్ల లోపలే. సోమవారం సగం రోజుకి టాక్సీ మాట్లాడుకున్నాం, 120 సోల్స్. కోంబీ అనే వ్యాన్లలో రెండు మూడు సోల్స్‌కే వెళ్ళొచ్చు, కానీ ఒక్కరోజులో మూడు ఊళ్ళంటే టాక్సీయే నయం.

కోచాస్ ఊళ్ళో మాతె బురిలాదో చేస్తారు, అంటే సొరకాయ బుర్రల మీద చెక్కడం. ఆ బుర్ర మన ఆనపకాయే, వేరే జాతి కాదు, మన ఊళ్ళలో కల్లుకీ నీళ్ళకీ వాడిన అదే సొరకాయ బుర్ర. ఈ ఎత్తులో అది పండదు, తీరం వైపు నుంచి ఎండిన కాయలు తెచ్చుకుంటారు. మేం వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన గడప దగ్గర కూర్చుని చిన్న ఉలితో గీస్తున్నాడు, ముందు పెన్సిల్ గీత కూడా లేదు, నేరుగా ఉలే. తర్వాత రాజుకున్న కట్టె కొన ఊదుతూ కాయ మీద ఆనించి గోధుమ రంగు, నలుపు తెప్పిస్తాడు. కొబ్బరికాయంత బుర్ర మీద ఒక పెళ్ళి మొత్తం, బ్యాండు, వంటలు, తాగి పడిపోయిన మావయ్యతో సహా. సన్నపని బుర్ర 150 సోల్స్ అన్నారు, మూడు వారాల పని అట, బేరం ఆడడానికి నాకు నోరు రాలేదు. అదే సైజు ముతకపని సంతలో 25కి దొరుకుతుంది, రెండూ పక్కపక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది.

వాల్వాస్‌లో మగ్గాలు. ఉన్నికి రంగులు ఆకులతో, కోచినీల్ పురుగుతో వేస్తారు, ఆ పురుగుని అరచేతిలో నలిపితే పారాణి పెట్టుకున్నంత ఎరుపు. సాన్ హెరోనిమో దె తునాన్‌లో వెండి తీగ పని, చూడగానే కరీంనగర్ ఫిలిగ్రీ గుర్తొచ్చింది, నెమలి ఆకారం జూకాలు కొన్నా. ఈ ఊరు హడావిడిగా చూశాం, సగం కొట్లు మూసి ఉన్నాయి, ముందు ఫోన్ చేయించి వెళ్తే మంచిది.

తిండి విషయానికొస్తే, ఊరి పేరు మీదే ఉన్న పాపా ఆ లా వాంకయీనా తప్పకుండా తినాలి, ఉడికించిన దుంపల మీద ఆ ఆహీ అమరియో మిరపకాయ, పచ్చి జున్ను లాంటి చీజ్ కలిపి రుబ్బిన సాస్, పైన గుడ్డు, ఆలివ్. చల్లగా పెడతారు, మొదటి ముద్దకి ఆశ్చర్యం, మూడోదానికి అలవాటు. శాకాహారులకి ఇది, చీజ్‌తో ఉడకబెట్టిన పెద్ద గింజల మొక్కజొన్న, చీఫా అనే పెరూ చైనీస్ హోటళ్ళలో గుడ్డు ఫ్రైడ్ రైస్, అంతే. సూప్ కూరగాయలదే అంటారు, నీళ్ళు మాత్రం మాంసం ఉడికించినవి, "సిన్ కాల్దో దె కార్నె" అని గట్టిగా అడగండి. మావారు మాంసం తింటారు కాబట్టి పాచమాంకా తిన్నారు, నేలలో గొయ్యి తీసి కాల్చిన రాళ్ళ మధ్య మాంసం, దుంపలు, చిక్కుళ్ళు పెట్టి మట్టి కప్పి వండేది. నేను అందులో దుంపలే తిన్నా, అంత రుచి దుంప ఇంతకు ముందు తినలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. వాన కోసేసిన ఎర్రమట్టి స్తంభాలు, తోర్రె తోర్రె, మూడో రోజు తర్వాతే ఎక్కండి. ఇదెంతీదాద్ వాంకా పార్కు సాయంత్రం బాగుంది, రాళ్ళతో కట్టారు, ప్రవేశం దగ్గర జనం ఫోటోలే ఫోటోలు. ఒకోపా మఠం 1725లో స్థాపించింది, అడవుల్లోకి వెళ్ళే ఫ్రాన్సిస్కన్ ఫాదరీలకి ఇదే స్థావరం, పాత లైబ్రరీలో 20 వేలకి పైగా పుస్తకాలు, గైడు స్పానిష్ ఒక్కటే, అయినా వెళ్ళండి. పాకా సరస్సు మాకు అంతగా అనిపించలేదు, బోటువాళ్ళు మీద పడతారు, సమయం తక్కువుంటే వదిలెయ్యండి.

శుక్రవారం రాత్రికల్లా చేరుకుని, శనివారం మెల్లగా తిరిగి, ఆదివారం సంత, సోమ మంగళవారాలు ఊళ్ళు, ఇలా పెట్టుకోండి. జనవరి నుంచి మార్చి దాకా వానలకి కొండచరియలు పడి రోడ్డు మూసేస్తారు, మే నుంచి సెప్టెంబర్ మంచిది. జులై 28 వాళ్ళ స్వాతంత్ర్య దినం, ఆ వారం బస్సు రేట్లు రెట్టింపు పలుకుతాయి, మేం ముందు వారమే వచ్చేశాం.

కోచాస్ సొరకాయ బుర్రని చేతి సామానులో స్వెటర్ చుట్టి తెచ్చా, కస్టమ్స్ ఫారంలో రాశా, ఆఫీసర్ తిప్పి చూసి, లోపల గింజలేమైనా ఉన్నాయా అని ఊపి ఇచ్చేశాడు. డిసెంబర్లో ఇండియా వెళ్ళేటప్పుడు అమ్మకి తీసుకెళ్తున్నా, ఫోన్లో చూపిస్తే ఆవిడ అడిగింది ఒక్కటే, దీంతో పాటు కొసరు ఏమిచ్చారే అని.