లినక్స్ కోసం సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480ఎస్

2018లో వచ్చిన ఈ లెనోవో ల్యాప్‌టాప్ బరువు సుమారు 1.3 కిలోలు. లినక్స్‌కి ఇప్పటికీ నమ్మకంగా తీసుకోవచ్చు. ఇంటెల్ వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో ఏ సెట్టింగూ మార్చకుండానే పనిచేస్తాయి. మూత మూస్తే అసలైన ఎస్3 స్లీప్‌లోకి, అంటే ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయే నిద్రలోకి వెళ్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ సుఖం లేదు, బ్యాగులోనే వేడెక్కి బ్యాటరీ తినేస్తాయి.

ర్యామ్ కొంత బోర్డు మీదే టంకంతో అతికించి ఉంటుంది, ఖాళీ స్లాట్ ఒక్కటే. అందుకే 8 జీబీ అతికించినదే వెతకండి, 16 జీబీ స్టిక్ జోడిస్తే 24 అవుతుంది.

అసలు భయం యూఎస్‌బీ-సీ పోర్టు దగ్గరే. పాత థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌లోని (ఆ పోర్టు చిప్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల పోర్టు చచ్చిపోవచ్చు. పైగా అది మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటుంది, మార్చడం ఖరీదు. డబ్బిచ్చే ముందే రెండు యూఎస్‌బీ-సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి, కొన్న వెంటనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, బ్యాటరీ పూర్తి సామర్థ్యాన్ని డిజైన్ సామర్థ్యం 57 వాట్-అవర్లతో పోల్చండి. 40 కంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ ధర బేరంలో తగ్గించమనండి. తర్వాత టీఎల్‌పీ అనే లినక్స్ పవర్ టూల్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపితే ఎక్కువకాలం వస్తుంది.

వేలిముద్ర రీడర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మామూలు లినక్స్ డ్రైవర్లతో అది పనిచేయదు.