రెడీమేడ్ స్ప్రింగ్ కిట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

భీమవరంలో ఉంటూ చిన్న షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. సంక్రాంతి ముందు ఆకివీడులో రొయ్యల మేత అమ్మే షాపు పని ఒకటి ఒప్పుకున్నాను. పండగలోపు కావాలన్నారు. టైము లేక ఆన్‌లైన్లో ఓ రెడీమేడ్ స్ప్రింగ్ బూట్ కిట్ కొన్నాను. స్ప్రింగ్ అంటే జావాలో అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్, దాన్ని తేలిగ్గా మొదలుపెట్టించేదే స్ప్రింగ్ బూట్. 14,500 రూపాయలు. "డిపెండెన్సీ ఇంజెక్షన్ అంతా కాన్ఫిగర్ చేసే ఇస్తాం, ఎక్లిప్స్‌లో మా ప్లగిన్ వేసుకుంటే బీన్లన్నీ బొమ్మలో కనిపిస్తాయి, మీరు ఒక్క లైను ముట్టుకోనక్కర్లేదు" అని ప్రకటన. బీన్లంటే స్ప్రింగ్ తయారుచేసి చూసుకునే ఆబ్జెక్టులు, ఒకదానికి కావాల్సిన ఇంకోదాన్ని స్ప్రింగే తెచ్చి అందించడం డిపెండెన్సీ ఇంజెక్షన్. ఎక్లిప్స్ మనం కోడ్ రాసుకునే టూల్. అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటివి చాలానే అమ్ముతున్నారు, గుర్తులు తెలిస్తే చాలు.

షాపులో రెండు కౌంటర్లు. మొదటిరోజు ఒకటే వాడారు, బాగానే ఉంది. రెండోరోజు పొద్దున్నే షాపాయన ఫోను: "ఏమండీ, ఈయన తీసుకుంది పది బస్తాల మేతండి. పక్క కౌంటర్ ఆయన మినరల్స్ కూడా ఈయన బిల్లులో పడ్డాయేంటండీ?" వెనకాల రైతు అరుపులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

కోడ్ తెరిస్తే, బిల్లింగ్ సర్వీస్ క్లాసులో పైనే ఒక లిస్టు ఫీల్డు. బిల్లులో సరుకంతా అందులోకే పోతోంది. మనం వేరే చెప్పకపోతే స్ప్రింగ్ ప్రతి బీన్‌నీ సింగిల్‌టన్‌గానే చేస్తుంది. అప్లికేషన్ మొత్తానికి ఒకటే ఆబ్జెక్టు, ఎవరడిగినా అదే ఇస్తుంది. అందులో బిల్లు దాచారంటే రెండు కౌంటర్లకీ ఒకటే బుట్ట అన్నమాట. కొత్తగా నేర్చుకునే కుర్రాడు చేశాడంటే సరే, డబ్బులు తీసుకుని అమ్మేవాళ్లు చేయడమేంటి?

సపోర్టుకి రాస్తే, ఆ క్లాసుకి ప్రోటోటైప్ స్కోప్, అంటే అడిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు ఇచ్చే పద్ధతి, పెట్టమన్నారు. పెట్టాను. ఏమీ మారలేదు. మారదు కూడా. బ్రౌజర్ నుంచి రిక్వెస్టులు అందుకుని ఆ సర్వీసుని వాడుకునే కంట్రోలర్ సింగిల్‌టన్ కదా, అది తయారైనప్పుడు ఒక్కసారే ఇంజెక్షన్ జరుగుతుంది. తర్వాత ఎన్ని రిక్వెస్టులొచ్చినా దాని చేతిలో ఉండేది ఆ పాత ఆబ్జెక్టే. సపోర్టులో కూర్చున్నాయనకే ఈ సంగతి తెలీదు! చివరికి ఆ ఫీల్డే పీకేసి, బిల్లు వివరాలన్నీ ఒకేసారి మెథడ్‌కి అందేలా నేనే రాసుకున్నాను.

ఇంకా తవ్వితే ఇంకోటి బయటపడింది. రెండు బీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతుంటే, స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి మామూలుగా అప్లికేషన్ స్టార్టే కాదు. అది వచ్చింది 2021 నవంబరులో. వీళ్లు ఆ ముడి విప్పలేదు. సెట్టింగులుండే ప్రాపర్టీస్ ఫైల్లో ఇలాంటి ముళ్లను, అంటే సర్క్యులర్ రిఫరెన్సులను, అనుమతించే సెట్టింగు ట్రూ చేసి వదిలేశారు. చెరువు గట్టుకి గండి పడితే గడ్డి కప్పినట్టు.

ప్లగిన్ సంగతైతే నవ్వొస్తుంది. అది బీన్ల వివరాలు విడిగా రాసిపెట్టే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు మాత్రమే చదువుతుంది. ఆ వివరాలు కోడ్‌లోనే రాసుకునే ఆటోవైర్డ్, కాంపోనెంట్ లాంటి యానొటేషన్లు 2007లో స్ప్రింగ్ 2.5 నాటికే ఉన్నాయి. కిట్‌లో సగం బీన్లు వాటితోనే రాశారు, బొమ్మలో వాటి జాడే లేదు. ఎక్లిప్స్‌కీ, వీఎస్ కోడ్‌కీ స్ప్రింగ్ టూల్స్ ఉచితంగానే దొరుకుతుంటే నేను డబ్బులు పోసి దీన్ని కొన్నాను.

కొనాలనే ఉంటే ముందు డెమో అడగండి. రెండు బ్రౌజర్లలో రెండు లాగిన్లతో ఒకేసారి బిల్లు కొట్టి చూడండి. ప్రాజెక్టు ఏ లైబ్రరీలు వాడుతుందో రాసుండే పామ్ ఫైల్లో (pom.xml) స్ప్రింగ్ బూట్ వెర్షన్ ఎంతో అడగండి. 2తో మొదలైతే, రేపు 3కి వెళ్లాలన్నప్పుడు జావా 17 కావాలి, కోడ్‌లో జావాఎక్స్ (javax) అని మొదలయ్యే ప్యాకేజీ పేర్లు జకార్తాకి (jakarta) మార్చే పని మీ నెత్తిన పడుతుంది. ప్రాపర్టీస్ ఫైలు చూపించమంటే నసిగారా, ఇక మాట్లాడకండి.

రీఫండ్ అడిగాను. "మీరు కోడ్ మార్చారు కాబట్టి కుదరదు" అన్నారు. వాళ్లు మార్చమంటేనేగా మార్చింది! పండగ అయ్యేదాకా ఆ షాపులో రెండో కౌంటర్ మూసే ఉంచారు. నాకు రావాల్సిన సగం డబ్బు ఇంకా ఆ షాపువాళ్ల దగ్గరే ఉంది.