పాత కాగితాలకు కొత్త అట్టలు: కడపలో ఒక బైండింగు షాపు పనితనం

కడపలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక సందులో, ఇప్పటికీ చేత్తో కుట్టి పుస్తకాలకు అట్టలు వేసే షాపు ఒకటి ఉంది. కాలేజీ ప్రాజెక్టు రికార్డులు, ఆఫీసు రిజిస్టర్లే అక్కడి రోజువారీ పని. పాత పుస్తకాలు తెచ్చేవాళ్ళు తక్కువ. మా ఇంట్లో ట్రంకు పెట్టెల్లో పడి ఉన్న కాగితాలను అక్కడ బైండు చేయించాను. కుట్టు విషయంలో ఆ షాపుకు వంక పెట్టేదేమీ లేదు. కాగితాన్ని కాపాడే విషయంలో మాత్రం అంతా వాళ్ళకే వదిలేయకుండా, ఏది చేయాలో ఏది చేయకూడదో మనమే తెలుసుకొని చెప్పుకోవలసి ఉంటుంది.

నేను తీసుకెళ్ళినవి రెండు రకాలు. మొదటిది మా తాతగారి చిట్టా, ఆవర్జా అనే జమాఖర్చుల లెక్కల పుస్తకాలు, 1930ల నాటివి. రెండోది మా అమ్మ 1970లలో వారపత్రికల నుంచి చింపి, వరుసగా పేర్చి, దారంతో కట్టి దాచుకున్న సీరియల్ పేజీలు. వయసును బట్టి చూస్తే చిట్టా పుస్తకాలే ముందు శిథిలం కావాలి. కానీ ఆ పేజీలు అంచుల్లో గోధుమరంగుకు తిరిగినా, తిప్పితే ఇప్పటికీ మెత్తగానే వంగుతున్నాయి. నలభై ఏళ్ళు చిన్నవైన సీరియల్ పేజీలు మాత్రం ఎత్తబోతే మూలలు అప్పడంలా విరిగి చేతిలోకి వస్తున్నాయి.

ఈ తేడా కాగితం పుట్టుకలోనే ఉంది. కాగితానికి బలమిచ్చే సెల్యులోజు పత్తి గుడ్డలో దాదాపు శుద్ధంగా ఉంటుంది. ఆ రోజుల్లో మంచి లెడ్జరు కాగితానికి గుడ్డపేలికల గుజ్జు కలపడం మామూలే. కర్రలో సెల్యులోజుతోపాటు, దాని నారలను అతికి పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. 1840లలో జర్మనీలో కెల్లర్ అనే ఆయన కర్రను రాతి చక్రం మీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాక పత్రికల కాగితం చవకైంది గాని, లిగ్నిన్ అందులోనే ఉండిపోయింది. వెలుతురు, గాలి సోకితే అది పసుపెక్కుతుంది. అయితే పసుపెక్కడం వేరు, పెళుసెక్కడం వేరు. పెళుసుదనానికి ముఖ్య కారణం ఆమ్లం. సిరా పాకకుండా ఉండేందుకు గుజ్జులో రోజిన్ అనే చెట్టు బంకను, పటికను కలిపే పద్ధతిని 1807లో ఇల్లిగ్ అనే మరో జర్మన్ దేశస్థుడు ప్రకటించాడు. మిల్లులన్నీ దాన్నే పట్టుకొని శతాబ్దానికి పైగా నడిచాయి. పటిక తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం సెల్యులోజు గొలుసులను తుంచుకుంటూ పోతుంది, గొలుసులు చిన్నవయ్యేకొద్దీ కాగితం మడత ఓర్చుకోలేదు. వేడి ఈ పనిని తొందరపెడుతుంది; పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క చెబుతారు. ఎండాకాలంలో నలభై దాటే కడపలో, మిద్దె కప్పు కింద అటకమీద పెట్టెలో ఉన్న కాగితం పరిస్థితి ఇక చెప్పనక్కరలేదు.

ఈ ఆమ్లం పక్క కాగితానికి కూడా అంటుకుంటుంది. మా చిట్టాలో ఎవరో ఎప్పుడో పెట్టి మరచిపోయిన పత్రిక కత్తిరింపు ఒకటి దొరికింది. అది ఆనిన రెండు పేజీల మీదా దాని కొలతకు సరిగ్గా సరిపోయే గోధుమరంగు చదరం పడింది; ఆ చదరం వెలుపలి కాగితం మాత్రం మామూలుగానే ఉంది. బైండింగుకు ఇచ్చేముందు పేజీల మధ్య నుంచి రసీదులు, కత్తిరింపులు, పూలరేకులు, గుండుసూదులు అన్నీ తీసివేయడం మన పని. షాపువాళ్ళు అవి చూసుకోరు, చూసుకోవాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

షాపు యజమాని అనుభవం సీరియల్ పేజీల దగ్గర తెలిసింది. ఆయన ఒక పేజీ మూలను ముందుకొకసారి, వెనక్కొకసారి మెల్లగా మడిచారు. అది అక్కడికక్కడే తెగింది. "ఇది కుడితే నిలబడదు సార్, సూది పోతానే చిరిగిపోతాది. పెట్టెలో పెట్టుకోండి" అన్నారు. రాబడి వదులుకొని చెప్పిన ఆ మాటకు నేను విలువ ఇస్తాను. ఆ పేజీలను స్కాన్ చేయించి, అసలువాటిని అట్టపెట్టెలో చదునుగా పేర్చి పెట్టాను. చిట్టా పుస్తకాలను మాత్రం ఫారాలు (కలిపి మడిచి కుట్టిన కాగితాల కట్టలు) విప్పి, నూలు దారంతో మళ్ళీ కుట్టి, కుట్టు ఉండే వైపు క్యాలికో గుడ్డతో వీపు వేసి ఇచ్చారు. పుస్తకం తెరిస్తే బల్లమీద చదునుగా పరుచుకుంటోంది, లోపలి అంచున ఉన్న అంకెలు కూడా కనబడుతున్నాయి. వీపుకు జిగురు పూసి అతికించే పద్ధతిలో ఈ సౌకర్యం ఉండదు.

ఇక ఫిర్యాదులు. మొదటి పుస్తకాన్ని అడగకుండానే కటింగు మిషను మీద మూడు వైపులా కోశారు. అంచులు నున్నగా వచ్చాయి నిజమే, కానీ మార్జిన్లో రాసుకున్న తేదీలు కొన్ని సగానికి తెగిపోయాయి. రెండోదానికి కోయవద్దని గట్టిగా చెబితే కోయలేదు. వాళ్ళు వాడే బంక మైదాతో చేసింది, పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) కలుపుతారు. పురుగు మాట నిజమే గాని, రాగి లవణం కాగితం క్షయాన్ని వేగిరపరుస్తుంది కనుక, పాత పుస్తకానికి తుత్తం లేని మైదా బంక అప్పటికప్పుడు కాచి వాడమని అడిగాను, విసుక్కోకుండా ఒప్పుకున్నారు.

అట్టకూ పుస్తకానికీ మధ్య వేసే కాగితం సంగతి ఇంకా ముఖ్యం. ఆమ్లం ఉందో లేదో చూపే పెన్ను ఒకటి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. గీత ఊదారంగులో నిలిస్తే ఆమ్లం లేనట్టు, పసుపుగా మారితే ఉన్నట్టు. తెల్ల కాగితం మీదే దాన్ని నమ్మవచ్చు. షాపులో వాడే కాగితం మీద గీత పసుపైంది, నేను కొన్న 80 జీఎస్ఎం జిరాక్సు కాగితం మీద ఊదాగా నిలిచింది. ఇప్పటి జిరాక్సు కాగితాల్లో చాలావాటికి సిరా పాకకుండా పటిక బదులు వేరే పదార్థాలు, నింపుడుకు సుద్ద వాడతారు, ఆ సుద్ద ఆమ్లాన్ని చంపుతుంది. శాశ్వత కాగితానికి 1994లో వచ్చిన ఐఎస్ఓ 9706 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా కనీసం 2 శాతం సుద్దకు సమానమైన క్షారాన్ని కోరుతుంది. నా కాగితమే ఇచ్చి వేయించుకున్నాను.

పక్క కౌంటర్లో ల్యామినేషన్ చేస్తారు, పాత దస్తావేజులకు అదే మంచిదని అక్కడి కుర్రవాడు సలహా ఇచ్చాడు. ఈ సలహా వినకండి. వేడి రోలర్లతో అతికిన ప్లాస్టిక్కు మళ్ళీ ఊడదు, లోపలి ఆమ్లం లోపలే ఉండి పని చేసుకుంటూ పోతుంది. చిరుగులకు సెలోటేపు వేయడమూ అంతే. కొన్నేళ్ళకు టేపు రాలిపోతుంది, దాని జిగురు మాత్రం పసుపు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది. నీలినలుపు సిరాతో రాసిన పత్రాలను తడపనివ్వకండి. ఆ సిరాలో ఇనుము, ఆమ్లం రెండూ ఉంటాయి, తడిస్తే అవి చుట్టూ పాకుతాయి. మా చిట్టాలో కలం గట్టిగా నొక్కిన చోట సున్నాల లోపలి భాగం చిల్లు పడి రాలిపోయింది.

తాళపత్రాలు, చేతిరాత ప్రతులు ఉన్నవాళ్ళు ఈ షాపుకు వెళ్ళకుండా, ముందు ఊళ్ళోనే ఉన్న సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో అడగడం మేలు. లెక్కల పుస్తకాలకు, ఇంకా మడత ఓర్చుకునే అచ్చు పుస్తకాలకు మాత్రం ఈ షాపు బాగా పనికొస్తుంది. పరీక్షల కాలంలో రికార్డుల రద్దీ ఎక్కువ కాబట్టి అప్పుడు ఇవ్వకండి. కోయవద్దన్న మాట చీటీ మీద రాసి పుస్తకానికి దారంతో కట్టి ఇవ్వండి. నోటితో చెప్పింది మిషను దగ్గరి మనిషిదాకా చేరదు.