గిటార్‌తో వరంగల్ వస్తున్నారా? గదిలో ముందు ఎర్త్ చూసుకోండి

హనుమకొండ లాడ్జిలో రెండు గదులకు ఫోన్లో చెప్పింది 3,600. ఖాళీ చేసేటప్పుడు చేతిలో పెట్టిన బిల్లు 5,100. తేడా 1,500. అందులో 500 'ఏసీ ప్లగ్గు పీకినందుకు'. ఆ ప్లగ్గు ఎందుకు పీకాల్సి వచ్చిందో వివరంగా చెబితే, వాద్యాలు పట్టుకుని ఇటు వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

మార్చి 6 వెస్ మాంట్‌గొమెరీ పుట్టినరోజు. 1923లో ఇండియానాపొలిస్‌లో పుట్టి, 1968 జూన్ 15న 45 ఏళ్లకే గుండెపోటుతో పోయిన జాజ్ గిటారిస్టు. ఆయన్ని ప్రాణంగా వినేవాళ్లం ఐదుగురం ఆ తేదీకి దగ్గరి శని, ఆదివారాలు హనుమకొండలో కలుద్దామనుకున్నాం. మంచిర్యాల నుంచి బేస్ వాయించే అన్న, కరీంనగర్ నుంచి డ్రమ్స్ తమ్ముడు, హైదరాబాద్ నుంచి గిటార్లతో ముగ్గురు. అందరికీ దారి కాజీపేట మీదుగానే కాబట్టి ఊరి గురించి వాదన రాలేదు.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు, రైల్లో రెండు గంటల పైచిలుకు. వెడల్పాటి ఆర్చ్‌టాప్ గిటార్ (పై చెక్క ఉబ్బెత్తుగా, లోపల బోలుగా ఉండేది) పెట్టె సీటు పైన సామాన్ల అరలో సరిగ్గా కూర్చోదు, సగం బయటికి వేలాడుతుంది. కిటికీ సీటు తీసుకుని, పెట్టెను మోకాళ్ల మధ్య నిలువుగా పట్టుకోవడమే క్షేమం. బస్సయితే డిక్కీలో వేయమంటారు, వేయొద్దు. వేడి ఒకటి, మీద పడే బస్తాలు ఒకటి. కాజీపేట స్టేషన్ నుంచి హనుమకొండ చౌరస్తాకు ఆటో 200 తీసుకున్నాడు. పెట్టెలు చూసి 300 అన్నాడు గానీ, అడిగితే తగ్గాడు.

శుక్రవారం రాత్రి ఏడింటికి లాడ్జికి చేరాం. ఫోన్లో ఏసీ గది 1,800 అన్నారు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి 2,100 అయింది. 'శనివారం, ఆదివారం రేటు సార్' అన్నాడు మేనేజర్. ఆ రోజు శుక్రవారం. ఐదో మనిషికి పరుపు వేసినందుకు ఇంకో 400. ఆధార్ జిరాక్సులు, 2,000 అడ్వాన్సు కట్టి పైకి వెళ్లాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. ఆంప్, అంటే గిటార్ నాదాన్ని పెంచి వినిపించే పెట్టె, పెట్టాక మొదలైంది అసలు తంటా.

స్విచ్ వేయగానే బుర్రుమని హోరు. గిటార్ తీగలు ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జివ్వుమంది. టెస్టర్ గిటార్ బ్రిడ్జికి (తీగలు ఆనే మెట్టుకు) ఆనిస్తే లోపలి దీపం మసకగా వెలిగింది. అంటే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు. త్రీ పిన్ సాకెట్లో పైన పెద్ద రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే లాగలేదు. ఎర్త్ ఉన్నచోట ఆంప్ చట్రంలోకి చేరే కాస్త లీకేజీ కరెంటు నేలలోకి పోతుంది. లేనిచోట ఆ చట్రం, దానితో కలిసి ఉన్న గిటార్ తీగలు, వాటిని పట్టుకున్న మనిషి, అన్నీ గాల్లో వేలాడుతున్నట్టే. గిటార్‌లో హంబకర్ పికప్‌లు (తీగ కదలికను కరెంటుగా మార్చే జంట చుట్లు) ఉన్నాయి కదా అని ధైర్యపడొద్దు. అవి గాల్లోంచి వచ్చే అయస్కాంతపు హోరును కొట్టేస్తాయి గానీ, ఎర్త్ లేక వచ్చే హోరును కొట్టలేవు. ఒక చేత్తో తీగలు పట్టుకుని, వేరే సాకెట్‌లో పెట్టిన సౌండ్ మిక్సర్‌కు కలిపిన మైకును పెదవులతో తాకితే షాక్ గట్టిగానే కొట్టొచ్చు. ఆంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి వాడటం, టూ పిన్ కన్వర్టర్ తగిలించడం ఇక్కడ చాలామంది చేసే పని. దయచేసి చేయొద్దు.

ఆ గదిలో ఎర్త్ ఉన్నది ఒక్క ఏసీ సాకెట్‌కే. పెద్ద లోడు కాబట్టి దానికి విడిగా వైరు లాగుతారు, గీజరుకూ అంతే. ఏ గదిలోనైనా ముందు ఆ రెండే చూడండి. మా దగ్గర మూడు దీపాల సాకెట్ టెస్టర్ ఉంది. ప్లగ్గులా గుచ్చితే ఎర్త్ ఉందో లేదో, ఫేజు న్యూట్రల్ తారుమారయ్యాయో చెప్పేస్తుంది. 260 రూపాయల వస్తువు. 16 ఆంపియర్ల సాకెట్‌లో పట్టే కన్వర్షన్ ప్లగ్గు, ఐదు మీటర్ల త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఉండటంతో ఏసీ ఆపి ఆంప్ అక్కడ పెట్టాం. హోరు ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన జిర్రు ఫ్యాన్ రెగ్యులేటర్‌ది. మెత్తగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు తరంగాన్ని మధ్యలో కోస్తాయి, ఆ కోతే ఆంప్‌లో జిర్రుమంటుంది. ఫ్యాన్ ఐదు మీద పెడితే తగ్గుతుంది, ఆపేస్తే పూర్తిగా పోతుంది.

ఎనిమిదీ నలభైకి తలుపు కొట్టారు. 'సార్, కింది రూంలోళ్లు ఫోన్ చేస్తున్రు, సప్పుడు బంద్ చెయ్యిండ్రి' అన్నాడు రూం బాయ్. వెనకే మేనేజర్ వచ్చి గోడ వైపు చూసి, 'గా ఏసీ ప్లగ్గు ఎవలు పీకిన్రు?' అని అడిగాడు. ఎర్త్ గురించి చెప్పబోతే వినలేదు. కింది గదిలో చిన్నపిల్ల నిద్రపోతోందట, ఆ ఫిర్యాదు న్యాయమైనదే, మేం ఆంప్ వెంటనే కట్టేశాం. లౌడ్‌స్పీకర్లకు నిషేధం రాత్రి పది నుంచి మొదలైనా, లాడ్జి గది గోడలకు ఆ లెక్క వర్తించదు. జరిమానా మాత్రం మోసం. ఏసీ చెడలేదు, సాకెట్ చెడలేదు, అలాంటి నియమం ఏ గోడ మీదా రాసి లేదు. బిల్లు చేత్తో రాసిన చీటీ, దాని మీద జీఎస్టీ నంబరూ లేదు. బేస్ అన్న ఆ కోపం మరుసటి రోజు మధ్యాహ్నం దాకా మోశాడు.

ఆ రాత్రి మిగిలింది ఆంప్ లేని గిటార్లు, బొటనవేళ్లు. ఈ సంగతి రాయడానికి అసలు కారణం ఇదే. వెస్ మాంట్‌గొమెరీ పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వదిలేసి బొటనవేలితో వాయించడం మొదలుపెట్టింది ఇరుగుపొరుగు చప్పుడు గురించి గొడవ పెట్టినందుకే. తర్వాతి రోజుల్లో ఇంట్లో ఏడుగురు పిల్లలు, పగలంతా ఫ్యాక్టరీలో పని, రాత్రి ఒక బారులో, అర్ధరాత్రి దాటాక ఇంకో క్లబ్బులో వాయిద్యం. సాధనకు దొరికే వేళ ఊరు నిద్రపోయే వేళే. పిక్ తగిలితే తీగ టక్కుమంటుంది, బొటనవేలి మెత్తని కండ తగిలితే ఆ టక్కు ఉండదు, గుండ్రని నాదం మాత్రమే వస్తుంది. ప్రపంచమంతా ఆరాధించిన ఆ స్వరం ఒక ఇరుకింటి సర్దుబాటులోంచి పుట్టింది. నొటేషన్ చదవడం రాకుండానే, తనకు ముందటి జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ సోలోలు చెవితో విని నేర్చుకున్న మనిషి.

నేర్చుకునేవాళ్లకు కొలతలు ఇవి. నాలుగు వేళ్లను పిక్‌గార్డు (తీగల పక్కన ఉండే రక్షణ పలక) మీద ఆనించి, బొటనవేలిని ఎక్కువగా కిందికే కొట్టాలి. గోరు తగలకూడదు. వెస్ ముద్రయిన ఆక్టేవ్‌లకు (ఒకే స్వరాన్ని కింది, పై స్థాయిల్లో కలిపి మోగించడం), ఆరో తీగ నాలుగో తీగ కలిపితే రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) ఎడం, ఐదు మూడు కలిపినా రెండే. నాలుగు రెండు కలిపితే మూడు ఫ్రెట్లు, మూడు ఒకటి కలిపినా మూడే. మూడో తీగకూ రెండో తీగకూ మధ్య శ్రుతి దూరం మిగతావాటి కన్నా అర స్వరం తక్కువ, అందుకే ఆ తేడా. మధ్యలో మిగిలే తీగను చూపుడువేలు వాల్చి నొక్కకుండా మూసేయాలి. నూటికి తొంభై మంది తప్పేది అక్కడే. మూత సరిగ్గా పడకపోతే బొటనవేలు దాన్ని కూడా మోగించి ఆక్టేవ్ మురికి పడుతుంది. ఆంప్ లేకుండా, దీపం తగ్గించి, గోడకు ఆనుకుని రాత్రి ఒంటిగంట దాకా ఇది సాధన చేస్తే మూత ఎక్కడ జారుతోందో స్పష్టంగా వినబడింది. ఆంప్ హోరులో ఆ తప్పు దాక్కుంటుంది.

పొద్దున్నే ఆ లాడ్జి ఖాళీ చేసి చౌరస్తాకు కాస్త ఎడంగా ఇంకోదానికి మారాం. గది 1,650, అదనపు పరుపు 250, అన్ని సాకెట్లకూ ఎర్త్ ఉంది. గది చూపించమని, టెస్టర్ గుచ్చాకే అడ్వాన్సు కడతామని చెబితే అక్కడి పెద్దాయన నవ్వి తానే తలుపు తీశాడు. అడగడానికి మొహమాటపడొద్దు.

సాయంత్రానికి మాట్లాడుకున్నది ఒక పాత ఇంటి మేడ మీది హాలు, రోజుకు 2,500. సిమెంటు గోడలు, నున్నటి బండలు, స్లాబు కప్పు. చప్పట్లు కొడితే చప్పుడు గది చుట్టూ తిరిగి వచ్చింది. ఇలాంటి గదిలో బొటనవేలి నాదం ముద్దయిపోతుంది. పిక్ టక్కు ఉండదు కాబట్టి స్వరం ఎక్కడ మొదలైందో చెవికి అందదు, దాని మీద ప్రతిధ్వని. ఊళ్లోనే దీనికి మందుంది, కొత్తవాడ. వరంగల్ జంపఖానాలకు జీఐ (ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపు ఉంది. అక్కడ మగ్గాల మీద నేసే మందపాటి నూలు జంపఖానా గదికి మందు. నాలుగడుగులకు ఆరడుగులవి నాలుగు, ఒక్కోటి 850, మొత్తం 3,400. నేసే ఇంటి అవ్వ 'జంపఖానా నేల మీద ఏస్తరు గని, గోడకెందుకు బిడ్డా?' అని అడిగి, చెప్పింది విని, దండెం తాడు గుచ్చడానికి వీలుగా పై అంచు మడిచి కుట్టించి ఇచ్చింది. దానికి పైసా అడగలేదు.

గోడకు అతికించినట్టు కాకుండా, నాలుగు అంగుళాలు ఎడం వదిలి తాడు మీద వేలాడదీయాలి. గోడకు ఆనుకున్న చోట గాలి కదలిక దాదాపు ఉండదు, ఎడంగా ఉంటే గుడ్డ నూలులోంచి గాలి ఆడి శబ్దం తగ్గుతుంది. రెండు ఆంప్‌కు ఎదురు గోడకు, ఒకటి ఆంప్ వెనక, ఒకటి డ్రమ్స్ కింద. కీచుదనం పోయింది గానీ గుడ్డ మంద్రపు శబ్దాన్ని ఆపలేదు. ఆంప్ మీద మంద్రాన్ని పెంచి తగ్గించే 'బేస్' మీటను మూడుకు తగ్గించి, గది మూలలోంచి ఆంప్‌ను మూడడుగులు ముందుకు జరిపితే సరిపోయింది. బోలు గిటార్ కూతపెట్టకుండా ఆంప్‌కు ఆరడుగుల దూరంలో, పక్కకు తిరిగి కూర్చోవాలి. ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో మెత్తటి గుడ్డ కుక్కితే ఇంకా మేలు. తీగలు ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నటి పట్టీ చుట్టినవి), మందం 12 నుంచి 52 సెట్టు. అడిగిన రెండు దుకాణాల్లో దొరకలేదు, విడి సెట్టు ఇంటి నుంచే తెచ్చుకోండి.

మధ్యాహ్నం విన్నది 1960 జనవరిలో రివర్‌సైడ్ రికార్డు కంపెనీ కోసం వెస్ నలుగురి బృందంతో చేసిన ఆల్బం. పియానో టామీ ఫ్లానగన్, బేస్ పెర్సీ హీత్, డ్రమ్స్ ఆల్బర్ట్ హీత్. వెస్ సోలో ముందు ఒంటి స్వరాలతో నడుస్తుంది, తర్వాత ఆక్టేవ్‌లు ఎక్కుతాయి, చివరికి నిండు కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు. మెట్టు మెట్టుకూ నాదం బరువెక్కుతుంది గానీ లయ ఎక్కడా తూలదు. జంపఖానాలు కట్టిన గదిలో ఆ మెట్లు విడివిడిగా వినిపించాయి. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న బేస్ అన్న లేచి, పెర్సీ హీత్ నడకను రెండోసారి పెట్టమన్నాడు. సాయంత్రం వాయిద్యం మూడు గంటలు సాగింది, దాని గురించి చెప్పుకోవడానికి ఇబ్బందులేవీ లేవు.

తిండిలో గుర్తుపెట్టుకోవాల్సింది సర్వపిండి. హాలు వీధి చివర ఒకావిడ కట్టెల పొయ్యి మీద చేస్తోంది, ఒకటి 40. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె లోపలే వేళ్లతో ఒత్తి, మధ్యలో చిల్లులు పెట్టి నూనె వదులుతుంది. అడుగు కరకర, పైన మెత్తన. చేతులకు నూనె అంటుతుంది, తీగలు పట్టే ముందు సబ్బుతో కడుక్కోవాలి. నూనె పట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగ నాదం చచ్చిపోతుంది.

ఆదివారం రామప్ప. హనుమకొండ నుంచి పాలంపేట దాదాపు 70 కిలోమీటర్లు, కారు 3,000, డ్రైవర్ బత్తా 300. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. చూరు కింది నల్లరాతి మదనికల (అందగత్తెల శిల్పాల) కోసం ఎంత దూరమైనా రావచ్చు, పొద్దున తొమ్మిదికల్లా చేరండి. వేయిస్తంభాల గుడి, కోట ముందురోజు పొద్దున్నే చూసేశాం, నడిచి తిరగడానికి రెండూ హాయిగా ఉన్నాయి.

రామప్పలో తప్పు జరిగింది గిటార్ విషయంలో. ఒక పెట్టె కారు డిక్కీలో గంటన్నర ఎండలో ఉండిపోయింది. తెరిచి చూస్తే తీగలు శ్రుతి తప్పి, కదిలే బ్రిడ్జి పక్కకు జరిగి ఉంది. ఆర్చ్‌టాప్ బ్రిడ్జి చెక్కకు అతికించి ఉండదు, తీగల బిగువుతోనే నిలబడుతుంది. ఎండకు బిగువు సడలాక దారి కుదుపులకు జరుగుతుంది. అలాంటప్పుడు తీగలన్నీ ఒకేసారి విప్పొద్దు. రెండేసి వదులు చేస్తూ, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జి వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. మొదటి తీగకూ ఆరో తీగకూ విడిగా చూడాలి. బయల్దేరే ముందే బ్రిడ్జి కాళ్ల చుట్టూ మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి ఉంటే ఇది రెండు నిమిషాల పని. టేపు లేక కాజీపేట ప్లాట్‌ఫారం మీద నలభై నిమిషాలు పట్టింది.

రైలు, ఆటో, తిండి కాక మొత్తం 17,850, తలా 3,570 పడింది. లాడ్జి మార్చిన ఖర్చు, ఆ 500 అందులోనే. జంపఖానాలు నాలుగూ మడిచి హాలు ఇంటివాళ్ల అటక మీద పెట్టి వచ్చాం, వచ్చే మార్చికి కొనే పని లేదు.