బెదురు గుర్రానికి ఏ ముక్కుపట్టీ మేలు?

పెళ్లి ఊరేగింపులో డప్పు మోగగానే తల ఎగరేసే గుర్రానికీ, కాలువ గట్టు మీద లారీ హారన్‌కే ఉలిక్కిపడే గుర్రానికీ చాలామంది చేసే మొదటి పని ముక్కుపట్టీని ఇంకో రంధ్రం బిగించడం. నోరు మూసుకుంటుంది, బెదురు మాత్రం పోదు. కళ్లెం కడ్డీ నొప్పి పెడుతోందని నోరు తెరిచి చెప్పే అవకాశం పోయి, అది వెనక కాళ్ల మీద లేవడం, పక్కకి దూకడం మొదలుపెడుతుంది.

అందుకే మా మొదటి ఎంపిక సాదా కావెసన్. నోట్లోని కడ్డీకి పైగా, ముక్కు చుట్టూ తిరిగే ఒకే పట్టీ. చెంప ఎముక అంచుకు రెండు వేళ్లు కిందుగా ఉండాలి. వెడల్పు 3 సెంటీమీటర్లకు తగ్గకుండా, లోపల మెత్త ఉన్నది తీసుకోండి. సన్న పట్టీ అయితే ఒత్తిడంతా ఒకే గీత మీద పడుతుంది. బిగువును ముక్కు ఎముక మీద, సరిగ్గా నడిమిలోనే చూడాలి. అక్కడ రెండు వేళ్లు సులువుగా దూరాలి. గడ్డం కింద చూస్తే చోటు మెత్తన కాబట్టి వదులుగా ఉన్నట్టు మోసం చేస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో 2025 నుంచి 1.5 సెంటీమీటర్ల గేజ్‌ను ఆ ఎముక మీదే దూర్చి చూస్తున్నారు. ఇంటి దగ్గర ఇంకో పరీక్ష ఉంది: పట్టీ పెట్టాక అరటిపండు ముక్క ఇవ్వండి. హాయిగా నమిలి మింగలేకపోతే వదులు చేయాల్సిందే.

ఫ్లాష్ అంటే కావెసన్ ముందుభాగానికి తగిలించి, కడ్డీ కిందుగా గడ్డం చుట్టూ తిప్పే సన్న పట్టీ. అది పై పట్టీని కిందికి లాగుతుంది, జారకుండా దాన్ని కూడా బిగిస్తారు. చివరికి రెండు బిగువులు. ఇలాంటి గుర్రానికి మేం దీన్ని పెట్టం.

డ్రాప్ అంటే ముక్కు మీద కావెసన్ కన్నా కిందుగా కూర్చుని, కడ్డీ కిందుగా గడ్డం దగ్గర బిగించే పట్టీ. ఇది ఇంకా జాగ్రత్తగా వాడాల్సింది. గుర్రం ముక్కుతో తప్ప నోటితో ఊపిరి పీల్చలేదు. పట్టీ ముక్కు రంధ్రాలకు కనీసం నాలుగు వేళ్లు పైన, గట్టి ఎముక మీద ఉండాలి. అంతకన్నా దిగితే మృదులాస్థిని నొక్కి గాలి దారిని ఇరుకు చేస్తుంది. గోదావరి వైపు మే నెల ఉక్కలో, చెమటతో రొప్పుతున్న గుర్రానికి ఊపిరి ఆడకపోతే బెదరక ఏం చేస్తుంది?

గ్రాకిల్‌లో రెండు పట్టీలు ముక్కు మీద అడ్డంగా దాటుకుంటాయి. దవడ పక్కకి తిప్పి కళ్లానికి అందకుండా పరుగెత్తే గుర్రానికి ఇది నయం, ముక్కు రంధ్రాల దగ్గర ఖాళీ ఎక్కువ. దాటే చోట తోలు బిళ్ల ఎముక మీదే ఉండాలి, బిగువు నియమం దీనికీ అదే.

నోట్లో పుండు గానీ, పళ్ల అంచులు పదునెక్కడం గానీ ఉంటే కడ్డీ తీసేసి సైడ్‌పుల్ (పగ్గాలను ముక్కుపట్టీ పక్కలకే తగిలించే, కడ్డీ లేని కళ్లెం) వేయండి. ఆపడం, తిరగడం ఆవరణలో పూర్తిగా నేర్పాకే రోడ్డెక్కించాలి. అసలు ఏ పట్టీ మార్చేముందైనా పశువైద్యుడితో పళ్లు చూపించండి. కాలువ పక్కన జోరీగలు ముసిరినా తల విదిలిస్తుంది, అది పట్టీ తప్పు కాదు.

కొబ్బరి పీచు తాడు కోనసీమలో చవకే కానీ, చెమటకు తడిసి ముక్కు మీద చర్మం ఒలిచేస్తుంది. కట్టేయడానికి కూడా మెత్తటి నూలు తాడే మంచిది. ముళ్ల కళ్లెం జోలికి పోవద్దు. బరువు లాగే, మోసే జంతువుల రక్షణకు 1965లో వచ్చిన కేంద్ర నియమాలే దాన్ని నిషేధించాయి.

తోలు పట్టీని రోజూ తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. చెమట ఉప్పు పేరుకుంటే తోలు అట్టలా బిరుసెక్కి, నిన్న సరిపోయిన రంధ్రంలోనే ఇవాళ ఒరుసుకుంటుంది. వానాకాలంలో బూజు పట్టిన చోట కుట్లు లాగి చూసి, వదులైతే ఆ పట్టీ పక్కన పెట్టండి.