జింక వేటకు రివాల్వర్: .357, .44, .454... ఏది మేలు?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిన తర్వాతి సోమవారం నుంచి వారం రోజులు తుపాకీతో తెల్లతోక జింకల వేట ఉంటుంది. మేం కూర్చునే మంచె ఓక్ చెట్ల మధ్య, ఒక చిన్న వాగు పక్కన. అక్కడి నుంచి 40 గజాలు దాటి ఏదీ సరిగా కనపడదు. అందుకే నేను రైఫిల్ మానేసి రివాల్వర్ పట్టాను. గ్రీన్ కార్డు వచ్చి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైన మా బావమరిది కూడా నాతో వస్తానన్నాడు. అతను అడిగిన మొదటి ప్రశ్న: “బావా, కొంటే .454 కొందాం. ఏ జింకైనా అక్కడికక్కడే పడిపోతుంది కదా?”

(.357, .44, .454 అంటే తూటా సైజులు, సుమారుగా బుల్లెట్ వెడల్పు అంగుళాల్లో.) పడిపోదు. ఎందుకో ముందు అది చెప్పాలి.

రైఫిల్ బుల్లెట్ వేగం వేరు, రివాల్వర్‌ది వేరు. రివాల్వర్ బుల్లెట్ చేసేది ప్రధానంగా ఒక రంధ్రం. ఆ రంధ్రం రెండు ఊపిరితిత్తుల గుండా, వీలైతే గుండె పైభాగం గుండా పోవాలి. జింక పక్కకి తిరిగి నిలబడితే ఆ చోటు ముందు కాలి వెనకాలే, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర, సుమారు ఒక పేపర్ ప్లేట్ అంత ఉంటుంది. బుల్లెట్ ఇటు దూరి అటు బయటికి వస్తే రెండు వైపులా రక్తం కారుతుంది, జాడ దొరుకుతుంది. లోపలే ఆగిపోతే తోలు, కొవ్వు రంధ్రాన్ని మూసేస్తాయి. జింక చచ్చిపోయినా మనకి కనపడకుండా పోవచ్చు. నాకు అంతకంటే బాధ కలిగించే విషయం వేటలో మరొకటి లేదు.

ఇప్పుడు .357 మాగ్నమ్ సంగతి. 1930ల నాటి తూటా. ఒహాయో చట్టం రివాల్వర్‌కి పెట్టిన కనీస సైజు ఇదే, బ్యారెల్ కనీసం 5 అంగుళాలు ఉండాలి. 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకి 1,250 అడుగుల దగ్గర వస్తుంది. చేతికి హాయిగా ఉంటుంది, ప్రాక్టీసు చేయబుద్ధవుతుంది. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అన్ని సందర్భాల్లో సరిపోతుందని కాదు. ఒక సీజనంతా నేను దీన్నే మోశాను. ఒకరోజు పొద్దున మంచి మగజింక 20 గజాల్లో నిలబడింది, కానీ ఏటవాలుగా, భుజం ఎముక నా వైపు పెట్టి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు, వదిలేశాను. .357 పట్టుకుంటే 25 గజాల లోపు, పూర్తిగా పక్కకి తిరిగిన జింక, అంతే. ఆ ఓపిక ఉన్నవాళ్లకి ఇది తప్పు ఎంపిక కాదు.

.454 కాసుల్ దీనికి పూర్తిగా రెండో చివర. 300 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 1,600 అడుగులు. శక్తి లెక్కన .44కి రెట్టింపు దాకా పోతుంది. ఎల్క్ అనే పెద్ద జాతి జింకకో ఎలుగుబంటికో ఇది అర్థవంతమే. అరవై, డెబ్బై కిలోల జింకలో మాత్రం ఆ అదనపు శక్తి అటు వైపు బయటికి వచ్చి మట్టిగట్టులోకి పోతుంది. తూటాలు ఖరీదు, అన్ని షాపుల్లో దొరకవు. ఇదే తుపాకీలో .45 కోల్ట్ తూటాలు వాడుకోవచ్చన్నది ఒక్కటే నాకు నచ్చిన సౌకర్యం.

అసలు నష్టం మన చేతిలోనే ఉంది. బావమరిదిని ఒక స్నేహితుడి .454తో రేంజికి తీసుకెళ్లాను. అయిదు తూటాలు పేల్చాక సిలిండర్‌లో అతనికి కనపడకుండా మూడు తూటాలు, మధ్యమధ్య ఖాళీ డొల్లలు పెట్టి ఇచ్చాను. ఖాళీ డొల్ల మీద సుత్తి ‘టక్’మని పడేసరికి తుపాకీ కొస కిందికి దిగింది. పేలుతుందనే భయంతో చెయ్యి ముందే ఉలిక్కిపడటం అది. ఆ కొస రవ్వంత దిగినా 30 గజాల దగ్గర బుల్లెట్ అడుగు కిందికి పోవచ్చు, అంటే ఊపిరితిత్తులు తప్పి కాలికి తగలొచ్చు. అతను తుపాకీ బల్ల మీద పెట్టి, అరచెయ్యి రుద్దుకుంటూ, “వద్దులే బావా” అన్నాడు.

నా ఓటు .44 మాగ్నమ్‌కే. 1950ల మధ్యలో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి తెచ్చిన ఈ తూటా కోసం తుపాకుల మీద రాసే ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి పోరాడాడు. 240 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తటి సీసం బయటికి ఉండే) బుల్లెట్, ఏడున్నర అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకి 1,300 అడుగుల దగ్గర. పక్కకి తిరిగిన జింకలో దాదాపు ఎప్పుడూ రెండు వైపులా రంధ్రం చేస్తుంది, కాస్త ఏటవాలుగా ఉన్నా లోపలిదాకా పోతుంది. ఇది కూడా తంతుంది, అబద్ధం చెప్పను. పాత రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ రివాల్వర్‌లో చదరపు ట్రిగ్గర్ గార్డు మధ్యవేలి కణుపుని కొట్టేది, ఇప్పటికీ అక్కడ ముట్టుకుంటే గుర్తొస్తుంది. దీనికి విరుగుడు .44 స్పెషల్ తూటాలు. అదే తుపాకీలో పడతాయి, మెత్తగా పేలతాయి. వారంలో ఎక్కువ భాగం ప్రాక్టీసు వాటితో, చివర్లో ఆరేడు మాగ్నమ్‌లతో. బావమరిదికి మూడు నెలల్లో ఉలికిపాటు పోయింది.

గురి చూసే సాధనంలోనూ తేడా ఉంది. సాయంత్రం వెలుతురు తగ్గాక నల్లటి ఇనుప గురి, గోధుమరంగు జింక ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్కోపులో అంత దగ్గర జింకని వెతుక్కోవడమే టెన్షన్. 50 గజాల లోపు రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపే గురి సాధనం) బాగుంది.

ఏది కొన్నా మీ దూరం ఎంతో మీరే కనుక్కోవాలి. మంచె మీద కూర్చునే భంగిమలోనే, చలికోటు వేసుకుని, పేపర్ ప్లేట్‌లో అయిదుకి అయిదు ఎంత దూరంలో పడతాయో అదే మీ హద్దు. నాది 40 గజాలు, అతనిది 30. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి మంట కొడుతుంది, వేళ్లు అక్కడికి రానివ్వకండి. చెవులకి ఎలక్ట్రానిక్ మఫ్స్ తప్పనిసరి.

ఇదంతా ఇక్కడి మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. అమెరికాలో కూడా వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం కట్టడి చేస్తుంది, హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉన్నా లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి.

ఆ డిసెంబర్‌లో బావమరిది తన .44తో 22 గజాల్లో ఒక ఆడజింకని కొట్టాడు. అరగంట మంచె దిగలేదు. దిగి చూస్తే ఓక్ ఆకుల మీద నురగతో లేత ఎర్రటి రక్తం, జాడకి రెండు పక్కలా. అరవై గజాల అవతల వాగు ఒడ్డున పడి ఉంది.