కాగితం రాకెట్: సూదిముక్కుదా, వెడల్పు రెక్కలదా?

సైన్స్ ఫెయిర్ దగ్గరపడితే చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే. దూరం పోవాలంటే సన్నగా మడిచే డార్ట్ మేలా, వెడల్పు రెక్కల గ్లైడర్ మేలా?

రికార్డులు చూస్తే రెండూ గెలిచాయి. 2012లో కాలిఫోర్నియాలో జో అయూబ్ విసిరిన గ్లైడర్ 69.14 మీటర్లు వెళ్లింది. 2022 డిసెంబరులో ఇండియానాలో డిలన్ రూబుల్ బృందం డార్ట్‌ను 88.318 మీటర్లు పంపింది. అయితే రెండూ గాలి తగలని చోట విసిరినవే. మన పిల్లలు విసిరేది స్కూలు గ్రౌండ్‌లోనో డాబా మీదో.

నా లెక్కలో అసలు తేడా అక్కడే ఉంది. గాల్లో ఎంతసేపు ఉంటే అంతసేపూ గాలి దాన్ని తోస్తూనే ఉంటుంది. సెకనుకు 2 మీటర్ల గాలి వీస్తోందనుకోండి. మనకది చిరుగాలే. గ్లైడర్ 5 సెకన్లు తేలితే ఎదురుగాలికి సుమారు 10 మీటర్లు నష్టపోతుంది, వెనకగాలికి అంతే లాభపడుతుంది. 2 సెకన్లలో నేల తాకే డార్ట్‌కు ఆ తేడా 4 మీటర్లే. పైగా గ్లైడర్ నెమ్మది కాబట్టి పక్కనుంచి చిన్న విసురు తగిలినా రెక్క లేచి తిరగబడుతుంది. డార్ట్ వేగంగా దూసుకుపోతుంది కనుక అంతగా చెదరదు.

అందుకే ఆరుబయట నా ఓటు డార్ట్‌కే. తలుపులు మూసిన హాల్లో, చిన్నపిల్లల మెత్తని విసురుకు మాత్రం గ్లైడరే ముందుంటుంది. డార్ట్‌కు చేతిలో బలం కావాలి. పక్షి ఆకారాలు, గొట్టం రాకెట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ దూరం పోటీకి వద్దు.

గాలి ప్రభావం చూపించడానికి టేబుల్ ఫ్యాన్ పెడుతుంటారు. ఫ్యాన్ గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, కాస్త దూరం పోగానే పలచబడుతుంది. దానికన్నా ఆరుబయటే ఒకసారి గాలివాటున, ఒకసారి ఎదురుగా విసిరి రెండూ రాసుకోవడం నయం. రెండు డిజైన్లకూ ఒకే కట్టలోని 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) ఏ4 కాగితం వాడండి. మార్చిమార్చి విసరండి, లేకపోతే చెయ్యి అలసిపోయాక విసిరిన దానికి అన్యాయం జరుగుతుంది. ముసురు పట్టిన రోజున కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, ఆ రోజు కొలతలను ఎండరోజు కొలతలతో కలపకండి.